గొలుసుకట్టు చదివేవారు ఉండగానే

శ్రీకాకుళం అని తెలుగులో వెతికితే రెండు ఊళ్లు ఎదురవుతాయి. ఒకటి నాగావళి ఒడ్డున ఉన్న జిల్లా కేంద్రం. రెండోది కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో ఆంధ్ర మహావిష్ణువు కొలువైన ఊరు. విజయనగరం సంగతి ఇంకా చిక్కు. పూసపాటివారి కోట కోసం వెతికేవారికి ముందు హంపీ రాయలే దర్శనమిస్తారు. పోనీ ఇంగ్లీషులో వెతుకుదామా అంటే, పాత కాగితాల్లో శ్రీకాకుళం చికాకోల్‌గా, కళింగపట్నం కళింగపటంగా, విశాఖపట్నం విజగపటంగా మారువేషాల్లో ఉంటాయి. తమ ఊరి కాగితం ఎక్కడో ఉందని తెలిసినా, ఏ పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందో తెలియక ఆగిపోయేవారు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తక్కువేమీ కాదు.

ఒక స్థానిక చరిత్ర సంఘం తన బీరువాల్లోని సరుకును డిజిటల్ రూపంలోకి మార్చి అందరి ముందూ పెట్టాలనుకున్నప్పుడు ఈ మాట చర్చకు రావడం అరుదు. మాటలన్నీ స్కానర్ చుట్టూ తిరుగుతాయి. ఏ కంపెనీది కొనాలి, ఎంతవుతుంది, విరాళం ఎవరిస్తారు, ప్రారంభోత్సవానికి ఎవరిని పిలవాలి. స్కానర్ కావలసిందే, కాదనలేం. అయితే ఉత్తరాంధ్రలో తొందర పడాల్సింది దాని కోసం కాదు. చెదలు పట్టకుండా చూసుకుంటే కాగితం ఇంకో ఇరవై ఏళ్లు ఆగుతుంది. అందులో ఏం రాసి ఉందో చెప్పగలిగిన మనుషులు అన్నాళ్లు ఆగరు.

సంఘాల దగ్గర సాధారణంగా ఉండే సరుకు చూస్తే ఇది అర్థమవుతుంది. రిటైరైన ఉపాధ్యాయులు, వకీళ్లు, లెక్చరర్లు తమ దగ్గరున్నవీ, చుట్టాల అటకల మీద దొరికినవీ తెచ్చి ఇచ్చినవే ఎక్కువ. జమీందారీ ఠాణాల రసీదులు, ఇనాం దస్తావేజులు, గ్రామ లెక్కల దండకవిలెలు, పెళ్లి శుభలేఖలు, నాటక సమాజాల కరపత్రాలు, హరికథ ఆహ్వానాలు, ఎవరివో తెలియని గ్రూపు ఫోటోలు, నాలుగైదు తాళపత్ర గ్రంథాలు, ఒక పెట్టె నిండా ఉత్తరాలు. అచ్చు పుస్తకాలూ ఉంటాయి గానీ అవి మరెక్కడైనా దొరికే అవకాశం ఉంది. కార్మైకేల్ రాసిన 1869 నాటి విశాఖ జిల్లా మాన్యువల్, మాల్ట్‌బీ రాసిన 1882 నాటి గంజాం మాన్యువల్, ఫ్రాన్సిస్ రాసిన 1907 నాటి గెజిటీర్ ఎప్పుడో స్కాన్ అయి ఉన్నాయి. వాటిని మళ్లీ స్కాన్ చేసి "ఇన్ని వేల పేజీలు పూర్తి" అని చెప్పుకోవడం సులువు. ఆ అంకెకు ఆశపడిన చోటే పని దారి తప్పుతుంది. మరో ప్రతి లేనిది ముందు, ఉన్నది వెనుక. ఆ వరస తప్పితే తక్కిన ఏ జాగ్రత్తా అక్కరకు రాదు.

ఆ చేతిరాత కాగితాల్లో ఎక్కువ భాగం గొలుసుకట్టులో ఉంటాయి. కలం ఎత్తకుండా, మాటకూ మాటకూ ఎడం ఇవ్వకుండా, తలకట్లు పక్క అక్షరంలో కలిసిపోయేలా, ఊరి లెక్కలు చూసే కరణాలు రాసిన రాత అది. తెలుగు చక్కగా చదవగలిగిన డిగ్రీ విద్యార్థి కూడా దాని ముందు నిరక్షరాస్యుడే. ఆ రాత రాయడం, చదవడం వృత్తిగా ఉన్న కరణాల వ్యవస్థను ఎన్టీ రామారావు ప్రభుత్వం 1984లో రద్దు చేసింది. ఆనాడు పాతికేళ్ల వయసులో ఉన్న కరణం కూడా ఇప్పుడు అరవై దాటాడు. తండ్రి పక్కన కూర్చుని, ఏటా శిస్తు లెక్కలు తేల్చే జమాబందీ రోజుల్లో లెక్కలు రాసినవారిలో మిగిలింది కొద్దిమంది. వాళ్లకు రాత చదవడం ఒక్కటే కాదు, ఆ రాత వెనక ఉన్న లోకమూ తెలుసు. ధాన్యం కొలతల్లో కుంచం ఎంత, గరిసె ఎంత, శిస్తు కట్టే జిరాయితీకీ దానంగా వచ్చిన ఇనాముకీ తేడా ఏమిటి, ఒక పేరు పక్కన ఆ గీత ఎందుకు గీశారు. ఈ జ్ఞానం ఏ స్కానర్‌లోంచీ రాదు. ఆరు వందల డీపీఐలో, అంటే అంగుళానికి ఆరు వందల చుక్కల నాణ్యతతో తీసిన చదవలేని పేజీ, చదవలేని పేజీయే.

తేదీల దగ్గర ఈ చిక్కు బాగా తెలుస్తుంది. ఒక ఉత్తరం మీద "రాక్షస నామ సంవత్సర మార్గశిర బహుళ" అని మాత్రమే ఉందనుకుందాం. అరవై ఏళ్ల చక్రం కాబట్టి అది 1855 కావచ్చు, 1915 కావచ్చు, 1975 కూడా కావచ్చు. పాళీతో రాసిందా, బాల్‌పాయింటుతో రాసిందా, కాగితం చేతితో చేసినదా, మిల్లుదా, కార్డు మీద రాణి తల ఉందా, రాజు తల ఉందా అన్నవి చూసి తేల్చాలి. రెవెన్యూ కాగితమైతే జూలైలో మొదలయ్యే రెవెన్యూ ఏడు, అంటే ఫసలీ, వస్తుంది. ఫసలీ 1325 అంటే 590 కలిపి 1915 జూలై నుంచి 1916 జూన్ వరకు. కలపడం తెలియని కుర్రవాడు దాన్ని క్రీస్తుశకం 1325 అనుకుని ఎక్కించేస్తే, గ్రామ లెక్కల కట్ట ఒకటి రెడ్డిరాజుల కాలానికి వెళ్లి కూర్చుంటుంది! రాగిరేకుల దాకా వెళితే తూర్పు గాంగ రాజులు వాడిన గాంగ శకం ఉంది. అది ఎప్పుడు మొదలైందన్నదానిపై పండితుల మధ్య రెండు మూడేళ్ల తేడాలున్నా, క్రీ.శ. 498 దగ్గర మొదలైందన్నది ఎక్కువమంది మాట. అందుకే కాగితం మీద ఉన్న తేదీని ఉన్నదున్నట్టు ఒక గడిలో, మార్చిన తేదీని మరో గడిలో, మార్చినవారి పేరును మూడో గడిలో రాసుకోవాలి. ఒకే గడిలో అంతా కుక్కితే, రేపు ఆ లెక్క తప్పని తేలినా సరిదిద్దడానికి అసలు తేదీ మిగలదు.

తేదీలకు ఇంత తంటా ఉంటే, ఊళ్లకు జిల్లాల తంటా. శ్రీకాకుళం, టెక్కలి ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లా. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లా. పార్వతీపురాన్ని తీసుకుంటే విశాఖపట్నం జిల్లాలో ఉంటూ 1950లో శ్రీకాకుళంలోకి, 1979 జూన్ 1న విజయనగరంలోకి, 2022 ఏప్రిల్‌లో మన్యం జిల్లాలోకి వెళ్లింది. ఊరు కదల్లేదు, కొండ కదల్లేదు, చిరునామా మాత్రం మూడుసార్లు మారింది. రాజాం, పాలకొండల కథ కూడా ఇలాంటిదే. దీని ఫలితం ఏమిటంటే, టెక్కలి పక్క పల్లెటూరి 1920ల నాటి భూమి కథలో సగం ఒడిశా వైపు గంజాం దస్త్రాల్లో, ఇంకొంత మద్రాసు ప్రభుత్వ దస్త్రాలను దాచిన చెన్నైలో, మిగిలింది ఎవరి ఇంటి అటక మీదో ఉంటుంది. సంఘం దగ్గరున్న ఒక్క కాగితం ఆ ముక్కలను కలిపే దారం కావచ్చు. అలా కావాలంటే ఆ కాగితానికి కట్టే వివర చీటీలో ఊరి పేరు ఇప్పటి రూపంలో, కాగితంలోని రూపంలో, ఇంగ్లీషు దస్త్రాల్లోని రూపంలో ఉండాలి. జిల్లా పేరు ఆనాటిదీ ఈనాటిదీ ఉండాలి. విజయనగరం అని రాసినప్పుడల్లా అది పూసపాటివారిదని, శ్రీకాకుళం అన్నప్పుడల్లా అది నాగావళి తీరానిదని తేల్చి చెప్పాలి. చూడ్డానికి గుమాస్తా పని. నిజానికి చరిత్ర రాయడంలో సగం అక్కడే అయిపోతుంది.

చూడటం వేరు, చదవడం వేరు అన్న మాటకు వంశధార తీరంలోనే గట్టి సాక్ష్యం ఉంది. శ్రీముఖలింగం గుడి మీది శాసనాలు భక్తులు వందల ఏళ్లుగా చూస్తున్నవే, పసుపు చేతులు తుడుచుకుంటున్నవే. ఆ దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి పాత లిపిని పట్టుబట్టి సొంతంగా నేర్చుకుని వాటిని చదివారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనన్న వాదానికి బలం అలా వచ్చింది. తర్వాత ముఖలింగం, శ్రీకూర్మం శాసనాల పాఠాలు దక్షిణ భారత శాసన సంపుటాల్లో 5వదానిలో అచ్చయ్యాయి. రాయి అంతకు ముందూ అక్కడే ఉంది, అందరికీ "అందుబాటులో"నే ఉంది. లేనిది పాఠకుడు.

శ్రీకాకుళం పట్నంలోనే మరో నమూనా ఉంది. కాళీపట్నం రామారావు, అందరి నోటా కారా మాస్టారు, సాహిత్య అకాడెమీ పురస్కారం సొమ్ము పెట్టి 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తెరిచారు. తెలుగులో వచ్చిన ప్రతి కథా ఒకచోట ఉండాలన్నది సంకల్పం. దాని బలం పుస్తకాల గుట్టలో లేదు, జాబితాలో ఉంది. కథ పేరు, రచయిత పేరు, ఏ పత్రిక, ఏ సంచిక. ఈ నాలుగు ముక్కలు కుదిరాయి కాబట్టే తర్వాత స్కాన్ చేసిన పేజీలకు వెబ్‌సైట్‌లో చోటు దొరికింది. ఎక్కడో అమెరికాలో ఉన్న పాఠకుడు కూడా తాతగారు ఎప్పుడో ఒక వారపత్రికలో రాసిన కథను పట్టుకోగలుగుతున్నాడు. చరిత్ర సంఘాలు ఇక్కడినుంచి నేర్చుకోవలసింది ఆ వరసనే. ముందు జాబితా, తర్వాత స్కాను.

కాకపోతే ఒక తేడా మరచిపోకూడదు. కథకు పేరుంటుంది, కింద రచయిత సంతకం ఉంటుంది, పత్రిక మీద తేదీ ఉంటుంది. ఠాణా రసీదుకు ఇవేవీ ఉండవు. దానికి పేరు పెట్టాల్సింది సంఘమే. "పాత కాగితం, 3 పుటలు" అని పెడితే అది శాశ్వతంగా పాత కాగితంగానే మిగులుతుంది. "మందస జమీందారీ, శిస్తు రసీదు, ఫలానా గ్రామం, ఫసలీ ఇంత, ఫలానా ఇంటినుంచి వచ్చింది" అని పెడితే, 1940 ఏప్రిల్‌లో పోలీసు కాల్పుల్లో వీర గున్నమ్మ ప్రాణం పోయిన మందస రైతు పోరాటం మీద పనిచేసేవారి చేతికి అది సాక్ష్యంగా అందుతుంది. ఫలానా ఇంటినుంచి వచ్చింది అన్న ముక్కను చాలామంది వదిలేస్తారు. అది చాలా పెద్ద ముక్క. ఒక గుడ్డ మూటలో పక్కపక్కనే ఉన్న శిస్తు రసీదు, శుభలేఖ, అప్పు పత్రం కలిసి ఒక కుటుంబం కథ చెబుతాయి. వాటిని విడదీసి రసీదులన్నీ ఒక ఫైల్లో, శుభలేఖలన్నీ మరో ఫైల్లో పెడితే బీరువా ముచ్చటగా ఉంటుంది, కథ మాత్రం పోతుంది. మూట విప్పేముందే ఫోటో తీసుకుని, ఏ వరసలో ఉన్నాయో ఆ వరసలోనే పెన్సిలుతో మెల్లగా అంకెలు వేసుకోవడం మంచిది. పెన్నుతో వద్దు.

స్కానింగు నిజానికి ఈ మొత్తంలో తేలిక భాగం. రాతకాగితాలకు 300 నుంచి 400 డీపీఐ, ఫోటోలకు 600 చాలు. బైండు చేసిన పుస్తకాన్ని గాజుపలక మీద బోర్లించి నొక్కితే వెన్ను విరుగుతుంది కాబట్టి పైనుంచి ఫోటో తీసే స్టాండు వాడాలి. మంచి ఫోను, కదలని స్టాండు, రెండువైపులా సమానమైన వెలుతురు ఉంటే చిన్న సంఘానికి మొదట్లో అదీ సరిపోతుంది. ఖాళీ పేజీ, వెనక అట్ట, ఉత్తరం వచ్చిన కవరు కూడా తీయాలి. ఫోటోకు వెనకవైపు తప్పనిసరి, ఎందుకంటే పేర్లు ఉండేది అక్కడే. చిరిగినదాన్ని టేపుతో అతికించడం, ల్యామినేషన్ చేయించడం ప్రేమతో చేసే హాని. చెదలకంటే ఎక్కువ కాగితాలు దానివల్లే పాడయ్యాయేమో అనిపిస్తుంది.

అసలు ప్రతిని కుదించకుండా టిఫ్ రూపంలో ఉంచితే ఏ4 సైజు పేజీ ఒకటి 400 డీపీఐలో రంగులతో దాదాపు 46 ఎంబీ అవుతుంది. పదివేల పేజీలంటే టెరాబైట్‌లో సగానికి దగ్గర. ఈ రోజుల్లో అది ఒక చిన్న హార్డ్‌డిస్కు. అయితే ఆ ఒక్క డిస్కు, అసలు కాగితాలు ఒకే గదిలో ఉంటే చేసిన పనికి అర్థం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు విరుచుకుపడింది. అక్టోబరు వస్తే ఈ తీరం ఆకాశంవైపు చూస్తూ ఉంటుంది. ఒక ప్రతి సంఘం దగ్గర, ఒకటి ఊళ్లోనే వేరే కప్పు కింద, ఒకటి తుపాను దారికి దూరంగా, అంటే హైదరాబాదులోనో క్లౌడ్‌లోనో ఉండాలి. మూడోది ఎక్కడుందో, దాని పాస్‌వర్డు ఏమిటో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. కార్యదర్శి గారి సొంత ఈమెయిలుతో తెరిచిన ఖాతా ఆయనతోపాటే మూతపడుతుంది.

అక్షరాలను కంప్యూటరే చదివేస్తుందిగా అనే ఆశ కొంతవరకే నిజం. ఇటీవలి అచ్చు తెలుగును ఓసీఆర్ బాగానే పట్టుకుంటోంది. వందేళ్ల కిందటి అచ్చులో అరసున్నలు, బండిరాలు, సంధి చేసి కలిపేసిన పొడుగు పదాలు, అరిగిన అచ్చుల్లో ఘకూ ఝకూ తేడా తెలియకపోవడం అడ్డొస్తాయి. అయినా వెతకడానికి పనికొచ్చే పాఠం వస్తుంది. గొలుసుకట్టు మాత్రం దానికి కొరుకుడు పడదు. ఇంకో తమాషా ఉంది. సంఘాలు 1990ల్లో, 2000ల్లో 'అను' అనే పేరున్న ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కట్టిన సొంత సావనీర్ల ఫైళ్లు ఈనాటి కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలు కనబడతాయి. యూనికోడ్‌లోకి మార్చితే తప్ప వెతకడానికి రావు. నూరేళ్ల దండకవిలె విప్పితే తెరుచుకుంటుంది, పాతికేళ్ల సీడీ తెరుచుకోదు. జముకుల కథలు, తప్పెటగుళ్లు లాంటి జానపద కళలను రికార్డు చేసిన క్యాసెట్లకూ ఇదే గతి, ముందు ఆడించే యంత్రం దొరకాలి.

హక్కుల సంగతికి వస్తే, సంఘాలు ఎక్కువగా పొరబడేది ఉత్తరాల దగ్గర. ఉత్తరం అందుకున్నవారికి కాగితం మీద హక్కు ఉంటుంది. అందులోని మాటల మీద కాపీరైటు రాసినవారిది, ఆ తర్వాత వారి వారసులది. భారత చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడు మొదలుకొని 60 ఏళ్లపాటు అది నడుస్తుంది. 1915లో పోయిన గురజాడ, 1940లో పోయిన గిడుగు, 1945లో పోయిన ఆదిభట్ల నారాయణదాసు తమ జీవితకాలంలో అచ్చువేసిన రచనలు అందరివీ అయిపోయాయి. 2021లో మరణించిన కారా మాస్టారి రచనల మీద హక్కు 2081 చివరిదాకా ఉంటుంది. ఎన్నడూ అచ్చుకాని ఉత్తరాలకు, దినచర్యలకు లెక్క కొంచెం వేరు కాబట్టి వారసుల మాట తీసుకోవడమే క్షేమం. పత్రికల కత్తిరింపులు వేరే తలనొప్పి, వాటికి అచ్చైన తేదీ, పత్రిక పేరు రాసి పెట్టుకుని సంఘం గదిలో చూపడం వరకే ఉంచితే చాలు. లాభాపేక్ష లేని గ్రంథాలయం తన దగ్గర ఉన్న పుస్తకాన్ని భద్రత కోసం డిజిటల్ ప్రతి చేసుకోవడానికి 2012 సవరణ వీలిచ్చింది. దాచుకోవడానికి వీలుంది కదా అని లోకానికి పంచే హక్కు దానంతట వచ్చేయదు. ఇచ్చేవారి చేత అరపేజీ తెలుగు ఒప్పందం మీద సంతకం పెట్టించుకుంటే సగం గొడవలు పుట్టనే పుట్టవు: ఎవరు ఇచ్చారు, అసలు ఉంచుకోవచ్చా, స్కాన్ చేసి తిరిగివ్వాలా, అందరికీ చూపవచ్చా.

చట్టం అడ్డు చెప్పకపోయినా ఆగాల్సిన చోట్లున్నాయి. ఏజెన్సీ భూముల కాగితాలు అలాంటివే. గిరిజన ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా తెచ్చిన 1959 నిబంధనకు 1970లో చేసిన సవరణను జనం వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. దాని కింద ఇవాళ్టికీ వివాదాలు నడుస్తున్న చోట, ఒక పాత పట్టా కాగితం ఒక పక్షానికి ఆయుధమవుతుంది. దాన్ని దాచేయాలని కాదు, వివరాలతో సహా, మొత్తం కట్టతో సహా పెట్టాలి, విడిగా ఒక్క పుట కాదు. 1967లో లేవిడి దగ్గర మొదలై 1970 దాకా సాగిన శ్రీకాకుళ గిరిజన రైతాంగ పోరాటం నాటి కరపత్రాలు, పార్వతీపురం కుట్రకేసు పత్రాలు ఉంటే వాటిలోని పేర్లవారు కొందరు, వారి పిల్లలు చాలామంది ఇంకా ఈ ఊళ్లలోనే ఉన్నారు. కొన్నిటిని అందరికీ తెరవడం, కొన్నిటిని సంఘం గదిలో చూడనివ్వడం, కొన్నిటిని ఫలానా ఏడు దాకా మూసి ఉంచడం అనే మూడు అంతరువులు ముందే నిర్ణయించుకోవాలి. మూసి ఉంచినదాని పేరు మాత్రం జాబితాలో కనబడాలి, లేకపోతే అది దాచడం కాదు, మాయం చేయడం. సవర, జాతాపు కుటుంబాల ఫోటోలకు "గిరిజన స్త్రీ" అని చీటీ అంటించి వదిలేయడం ఇంకా ఆగలేదు. గిడుగు సవర నేర్చుకుని 1931లో ఆ భాష మీద పుస్తకం, 1938లో నిఘంటువు తెచ్చిన నేలలో ఆ స్త్రీ పేరేమిటని ఒక్కమాట అడిగి రాయడం అసాధ్యమేమీ కాదు.

కాబట్టి ఖర్చు వరస తిరగేయడం మేలనిపిస్తుంది. మొదటి ఆరు నెలలు స్కానరు కొనకుండా, ఆ సొమ్ములో కొంత పెట్టి పూర్వ కరణాలను, పాత నాటక సమాజాలవారిని, సంగీత కళాశాల పెద్దలను వారానికి ఒకసారి కూర్చోబెట్టవచ్చు. రానుపోను ఆటో ఖర్చు, టీ, ఓపిక కావాలి. కాగితం ముందు పెట్టి, ఫోన్‌లో రికార్డింగు నొక్కి, వాళ్లు చదువుతుంటే వినాలి. పక్కన ఒక డిగ్రీ విద్యార్థి కూర్చుని అక్షరం వెంట వేలు పెడుతూ నేర్చుకోవాలి. మూడు నెలల్లో ఆ కుర్రాడు సగం చదవగలుగుతాడు. గ్రూపు ఫోటో అయితే దాని జిరాక్సు మీద మొహం మొహానికీ అంకె వేసి, ఎవరు ఎవరో చెప్పించాలి. తెలియని మొహానికి తెలియదనే రాయాలి.

అందరికీ తెరిచాక కూడా ఆ చీటీలు తప్పులతోనే ఉంటాయి. ఉదాహరణకు ఒక చిన్న రైలుబండి ఫోటోకు "నౌపడా స్టేషను" అని పెట్టారనుకుందాం. నౌపడా నుంచి గుణుపూరు దాకా ఆ నారోగేజి దారిలో పనిచేసి రిటైరైనవారు టెక్కలిలోనో పాతపట్నంలోనో ఉండే ఉంటారు. అది నౌపడా కాదు, వెనక ఆ కొండ చూడండి, పర్లాకిమిడి అని ఒకరు రాస్తారు. అప్పుడు పాత చీటీని చెరిపేయకూడదు. దాని కిందే కొత్త మాట, చెప్పినవారు ఎలా గుర్తుపట్టారో ఒక వాక్యం, తేదీ చేర్చాలి. వచ్చే నెల మరొకరు వచ్చి ఇద్దరిదీ తప్పే, అది పాతపట్నం అనవచ్చు. దానికీ ఒక వరస ఖాళీగా ఉంచాలి.